జ్ఞానోదయానికి టర్కీ టవలు

మా కాలేజీ పేరు చెప్పను. చెబితే నా కాంట్రాక్టు పోతుంది. రైల్వే గేటు దాటాక ఎడమవైపు, రొయ్యల షెడ్ల వాసన మొదలయ్యే చోట ఉంటుందని మాత్రం చెప్పగలను. అందులో ఇంగ్లీషు శాఖ అంటే నేనే. నా పేరు హైమవతి. కాంట్రాక్టు లెక్చరర్ని కనుక శాఖాధిపతిగా ఉండే అర్హత నాకు లేదట. అందుకని జువాలజీ యజ్ఞనారాయణ గారిని ఇంగ్లీషుకి ఇన్‌ఛార్జిగా వేశారు. కప్ప గురించి ఆయనకి తెలియనిది లేదు, ఇంగ్లీషు సాహిత్యం గురించి తెలిసింది లేదు. ఆ మాట ఆయనే నవ్వుతూ చెబుతారు కాబట్టి నాకు ఆయనంటే కోపం లేదు.

స్పెషల్ ఇంగ్లీషులో పదకొండు మంది పిల్లలున్నారు. ఫైనలియర్లో వాళ్ళకి ఒక పేపరుంది: జ్ఞానోదయ యుగపు ఆంగ్ల సాహిత్యం, దాని సాంస్కృతిక నేపథ్యం. అంటే పద్దెనిమిదో శతాబ్దం. నాకు ఆ కాలమంటే ప్రాణం. రాజుగారు చెప్పారనో, మతగురువు చెప్పాడనో తల ఊపకుండా, 'ఎందుకూ?' అని అడగడం జనానికి అలవాటైన కాలం అది. ఒక్క వ్యంగ్య వ్యాసం రాసి మంత్రులకి అన్నం సయించకుండా చేసిన మహానుభావులు బతికిన కాలం. ఆ పేపరు చెప్పడానికే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాననుకుంటాను. జీతం చూసైతే ఎవరూ ఉండరు.

జులైలో పై నుంచి ఒక సర్క్యులర్ దిగింది.

'ఇందుమూలముగా సమస్త ప్రిన్సిపాళ్ళకు తెలియజేయునది ఏమనగా, సాహిత్య పాఠ్యాంశములలో సాంస్కృతిక నేపథ్యము కేవలము నోటిమాటగా బోధింపబడుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇకపై సదరు నేపథ్యమును భౌతికముగా నెలకొల్పి, విద్యార్థులను అందులో కూర్చుండబెట్టవలెను. తనిఖీ బృందము స్వయముగా విచ్చేసి నేపథ్యమును పరిశీలించును. నేపథ్యము లేని కోర్సులు మూసివేయబడును.'

తెలుగు శాఖ వాళ్ళకి ఆ సెమిస్టరులో కాశీ యాత్రా సాహిత్యం ఉంది. వాళ్ళు టీఏ బిల్లులు పెట్టుకుని రైలెక్కేశారు. నేను మిగిలాను.

మా ప్రిన్సిపాల్ డాక్టర్ కంభంపాటి నరహరి గారు కామర్స్ మనిషి. నన్ను పిలిపించారు.

"అమ్మా హైమవతి గారూ, ఈ జ్ఞానోదయం ఎక్కడ జరిగింది?"

"యూరప్‌లో సార్. మన పేపరుకి లండన్ ముఖ్యం."

"లండన్‌లో ఏ ప్రాంగణంలో?"

నేను కాస్త ఆలోచించి, నా కొంప నేనే ముంచుకున్నాను. "కాఫీ హౌసుల్లో సార్. వ్యాపారులు, రచయితలు, ప్లీడర్లు, పనీపాటా లేనివాళ్ళు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, పత్రికలు చదువుకుని, హోదాలు పక్కన పెట్టి వాదించుకునేవారు. సాహిత్యం చాలావరకు అక్కడే తయారైంది."

నరహరి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "హోదాలు పక్కన పెట్టి అంటే ఎక్కడ పెట్టి?"

"అంటే... పట్టించుకోకుండా సార్."

"చూడండీ, ఆ పాయింటు మీద కమిటీ వేద్దాం. కాఫీ మాత్రం పెట్టేద్దాం. యజ్ఞనారాయణ గారు కన్వీనరు. కోర్సు నిలబడాలంటే నేపథ్యం ఘనంగా ఉండాలి. కోర్సు పోతే పిల్లల్ని టూరిజంలోకి మార్చేస్తాం, మీ సంగతి మీకు తెలిసిందే."

నా సంగతి నాకు బాగా తెలుసు.

బయటికి రాగానే ఎస్తేరు రాణి ఎదురైంది. నా పదకొండు మందిలో గట్టిపిల్ల. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో వొలుపుడు పనికి వెళుతుంది. ఎస్తేరు యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీషు చదవాలని, దాని ప్రవేశపరీక్షకి ఈ పేపరే ఆధారమని కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చుంది.

"మేడమ్, పాఠం ఎప్పుడు మొదలెడతారండి?"

"నేపథ్యం కట్టగానే."

"ఎన్నాళ్ళు పడుద్దండి కట్టడానికి?"

"లండన్‌లో వందేళ్ళు పట్టింది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

కాఫీ హౌసుకి గది కావాలి. అందరూ పట్టేంత పెద్ద గది కాలేజీలో ఒక్కటే ఉంది, అది లైబ్రరీ. యజ్ఞనారాయణ గారు వెళ్ళి కొలిచి వచ్చి తృప్తిగా తల ఊపారు. కాఫీ ఒలికితే పుస్తకాలు పాడవుతాయి కాబట్టి ముందు పుస్తకాలన్నీ మెట్ల కింద స్టోర్ రూములోకి తరలించి, తాళం వేసి, లక్క ముద్ర కొట్టారు. తాళంచెవి ప్రిన్సిపాల్ గారి సొరుగులోకి చేరింది. మా పేపరు పుస్తకాలూ అందులోనే పోయాయి. నా సొంత ప్రతి ఇంటి నుంచి తెచ్చాను. అది చూసి యజ్ఞనారాయణ గారు ముచ్చటపడి, "పాతగా ఉంది, నేపథ్యానికి బాగుంటుంది" అని తీసుకెళ్ళి గాజు పెట్టెలో పెట్టి మేకులు కొట్టించారు. కప్పల్ని అలాగే పెడతారాయన.

పోనీ ఫోనులో చదువుకుంటారులే అనుకున్నాను. ఆ కాలంలో ఫోన్లు లేవని ఎవరో కమిటీకి చెప్పారు. గేటు దగ్గర పిల్లల ఫోన్లన్నీ ఊడ్చుకుపోయారు. ఎస్తేరు ఇంట్లో ఉన్నది వాళ్ళమ్మ ఫోను, అదీ మాట్లాడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

"సాహిత్యం సార్?" అని ఉండబట్టలేక అడిగాను.

"నేపథ్యం అయ్యాక ముందుభాగం చూద్దాం" అన్నారు నరహరి గారు.

ఇక కుర్చీలు. కమిటీ మొదటి సమావేశం అంతా టవలు మీదే జరిగింది. మన దేశంలో కుర్చీ ఎంత పెద్దదో దాని వీపు మీద ఆరేసిన టర్కీ టవలు చెబుతుంది. ప్రిన్సిపాల్ గారి కుర్చీకి టవలుంది. వైస్ ప్రిన్సిపాల్ దానేలు గారికి ఉంది. శాఖాధిపతులకి పోరాడితే వచ్చింది. కాఫీ హౌసులో హోదా పట్టించుకోకూడదని నేను చెప్పినప్పుడు అందరూ ఆ టవళ్ళ వైపు చూశారు, టవళ్ళు తీసేయమంటున్నానేమోనని.

"తీసేస్తే సమానత్వం వస్తుంది, ఒప్పుకుంటాను" అన్నారు దానేలు గారు బరువుగా. ఆయన ఫిజిక్సు. "కానీ మెడకి చెమట పడుతుంది."

"అయితే అందరికీ ఇద్దాం" అన్నారు యజ్ఞనారాయణ గారు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అంతలోనే నరహరి గారి ముఖం వాడింది. అందరికీ టవలుంటే ప్రిన్సిపాలెవరో తనిఖీ బృందానికి ఎలా తెలుస్తుంది? టీ తాగి వచ్చి మళ్ళీ కూర్చున్నారు. చివరికి రంగులు ఖాయమయ్యాయి. ప్రిన్సిపాల్ గారికి తెల్ల టవళ్ళు రెండు, ఒకటి వీపుకి, ఒకటి సీటుకి. వైస్ ప్రిన్సిపాల్ గారికి లేత నీలం. శాఖాధిపతులకి గులాబి. పర్మనెంటు లెక్చరర్లకి ఆకుపచ్చ. కాంట్రాక్టు వాళ్ళకి చేతులు తుడుచుకునే టవలు. విద్యార్థులకి జేబురుమాలు. మినిట్సులో 'అందరికీ వస్త్రము కల్పించి సమానత్వము నెలకొల్పబడినది' అని రాసుకున్నారు. నాకు నవ్వాపుకోవడానికి పెన్ను కొరుక్కోవలసి వచ్చింది.

తర్వాతి వారం నవ్వు మాయమైంది. ఆ కాలంలో కాఫీ హౌసుల్లో ఆడవాళ్ళు కూర్చునేవారు కాదని దానేలు గారు ఎక్కడో చదివారు. అది అబద్ధం కాదు. గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్ళుండేవారు గానీ బల్ల దగ్గర వాదనకి కూర్చున్నవాళ్ళు అరుదు.

"చారిత్రక యథార్థత విషయంలో మనం రాజీపడలేం" అన్నారు నరహరి గారు బాధగా. "మీరు, మీ ఎనిమిది మంది ఆడపిల్లలు వరండాలో ఉండాలి."

"సార్, అప్పుడు లోపల ముగ్గురే ఉంటారు. పాఠం చెప్పే నేను బయట ఉంటాను."

"కిటికీ ఉంది కదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకూ అని అడిగిన యుగం పేరు చెప్పి, అడిగేవాళ్ళని వరండాలో నిలబెడతారా అని అరిచాను. కాంట్రాక్టు గుర్తొచ్చి చివర్లో 'సార్' చేర్చాను.

గొడవ యజ్ఞనారాయణ గారు సర్దారు. ఆ కాలపు మగవాళ్ళు విగ్గులు పెట్టుకునేవారు కాబట్టి, విగ్గు పెట్టుకున్నవాళ్ళందరినీ మగవాళ్ళ కింద పరిగణించవచ్చని ప్రతిపాదించారు. ఏకగ్రీవంగా ఆమోదించారు. విగ్గుల కోసం మనిషిని నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే షాపుకి పంపారు. ఆ షాపులో ఇంగ్లీషు దొరల విగ్గులు ఎప్పుడూ లేవు. తెల్లజుట్టు కావాలనేసరికి షాపాయన ఋషుల సెట్టు ఇచ్చి పంపాడు. వశిష్ఠుడు, విశ్వామిత్రుడు, కొందరు మామూలు మునులు. ఆ సెట్టులో జుట్టుకీ గడ్డానికీ కలిపి ఒకటే తాడు. విడదీస్తే డిపాజిట్టు పోతుందన్నాడట.

ఆ కాలపు లండన్ పెద్దమనుషులు నున్నగా గీసుకుని తిరిగేవారని చెప్పబోయాను. మళ్ళీ వరండా గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అలా నేను విశ్వామిత్రుణ్ణయ్యాను. ఎస్తేరు చిన్నసైజు ముని అయింది. ప్రిన్సిపాల్ గారికి అందరికన్నా పొడుగు జుట్టు దక్కింది, బ్రహ్మదేవుడి మీద ఉండవలసింది అది.

"గడ్డం దురద పెడతాందండి" అంది ఎస్తేరు. "మేడమ్, పరీక్ష దగ్గరికొచ్చేస్తాంది. ఒక్క పేజీ కూడా చదవలేదు నేను. గాజుపెట్టెలో మీ పుస్తకం అట్టమీద పేరు మాత్రం బట్టీ వచ్చేసింది."

ఆ మాటకి తల దించుకున్నాను. గడ్డం ఉన్నందువల్ల ముఖం కనపడలేదు, అదొక సుఖం.

ఇక మిగిలింది వాదన. కాఫీ హౌసంటే వాదించుకోవాలి కదా. నోటీసు బోర్డులో ఉత్తర్వు అంటించారు.

'కాఫీ హౌసునందు ప్రతి ఒక్కరూ స్వేచ్ఛగా విభేదించవలెను. విభేదించని వారిపై క్రమశిక్షణా చర్య తీసుకొనబడును. అయితే సదరు భిన్నాభిప్రాయము సరైన మార్గములో, అనగా ఎవరికి వారు తమ పైవారి ద్వారా మాత్రమే, పైకి పంపవలెను. పైవారు తమ అభిప్రాయమును జోడించి ముందుకు పంపెదరు.'

ఒక సోమవారం రిహార్సల్ జరిగింది. స్టీలు గ్లాసుల్లో కాఫీ పోశారు. బోధనేతర నిధుల్లోంచి కొన్న పొడి అది, తాగితే తెలిసేది. నరహరి గారు రెండు టవళ్ళ మధ్య కూర్చుని, "విభేదించండి" అని ఆజ్ఞాపించారు.

ఎస్తేరు నాతో అంది: "కాఫీ నోట్లో పెట్టలేకుండా ఉంది మేడమ్."

నేను యజ్ఞనారాయణ గారి వైపు తిరిగాను. కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తుంది. "కాఫీలో కొంచెం చక్కెర తక్కువైందంటున్నారు సార్" అన్నాను.

ఆయన దానేలు గారితో: "చక్కెర విషయంలో పిల్లలు మంచి పరిశీలన చూపుతున్నారండి."

దానేలు గారు ప్రిన్సిపాల్ గారితో: "మన కాఫీ చక్కెర జబ్బుకి మంచిదని పిల్లలు గమనించారు సార్."

నరహరి గారు గడ్డం నిమురుకున్నారు. "వాళ్ళ అభినందన స్వీకరించాను. అందరికీ ఇంకో గ్లాసు పోయండి."

ఎస్తేరు నా వంక చూసిన చూపు నేను ఈ జన్మకి మరిచిపోను. తిట్టినా బాగుండేది.

తనిఖీ బృందం శుక్రవారం వచ్చింది. ముగ్గురు ఆచార్యులు. వాళ్ళ అధ్యక్షుడు ఆచార్య శేషాచలపతి గారు. అతిథి మర్యాదగా వాళ్ళకీ విగ్గులు తొడిగారు. అసలే పెద్దవారు కావడంతో ఆయనకి అది అచ్చంగా కుదిరింది. గదంతా చూసి పరవశించిపోయారు.

"ఆహా! వాతావరణ నిర్మాణంలో ఒక సమగ్రత ద్యోతకమవుతున్నది! లండన్ నగరం కళ్ళకు కట్టినట్లున్నది!"

ఎదురుగా పదకొండు మంది మునులు స్టీలు గ్లాసులతో కూర్చుని ఉన్నారు.

ప్రదర్శనకి అంశాన్ని ప్రిన్సిపాల్ గారే ఎంపిక చేశారు. వివాదం లేని విషయం మీద విభేదించాలని ఆయన షరతు. అందుకని ఎండాకాలం మంచిదా, వానాకాలం మంచిదా అనే అంశం. ఎస్తేరు వానాకాలం అనాలి. పైకి వెళ్ళేకొద్దీ కాలాలన్నీ మంచివేనని తేలి, మా కాలేజీలో ఏ కాలమైనా వాతావరణం అనుకూలమని ముగియాలి.

"ప్రారంభించండి" అన్నారు నరహరి గారు.

ఎస్తేరు గ్లాసు కింద పెట్టింది. నాకేసి తిరిగి, గదంతా వినిపించేలా అంది: "మేడమ్, మా పుస్తకాలు మెట్ల కింద గదిలో పెట్టి తాళమేశారండి. జులై నుంచీ మాకు ఒక్క పాఠం కూడా కాలేదండి. అదేనండి నా భిన్నాభిప్రాయం."

అందరి గడ్డాలూ నా వైపు తిరిగాయి. ఇప్పుడు పైకి పంపవలసింది నేను. ఒక్క మాట మెత్తగా అంటే కోర్సు నిలుస్తుంది, నా ఉద్యోగం నిలుస్తుంది, ఆ పిల్ల మాత్రం మళ్ళీ నా వంక చూస్తుంది.

"యజ్ఞనారాయణ గారూ, పిల్లల పుస్తకాలు తాళంలో ఉన్నాయి. పాఠాలు జరగలేదు" అన్నాను.

ఆయన నీళ్ళు నమిలారు. దానేలు గారితో చిన్నగా, "పుస్తకాల పట్ల విద్యార్థుల్లో ఆసక్తి కనబడుతోందండి" అన్నారు.

దానేలు గారు: "పుస్తకాలు చాలా భద్రంగా ఉన్నాయని విద్యార్థులు హర్షం వ్యక్తం చేస్తున్నారు సార్."

నరహరి గారు అధ్యక్షుల వారికి నమస్కరించి: "పుస్తకాలతో పని లేకుండానే మా విద్యార్థులు యుగ స్ఫూర్తిని జీర్ణించుకున్నారని మనవి చేసుకుంటున్నానండి."

"భేష్!" అన్నారు శేషాచలపతి గారు, పెన్ను తీస్తూ.

నాకు ఏమైందో తెలియదు. లేచాను. విశ్వామిత్రుడి జుట్టు, గడ్డం కలిపి ఒక్క గుంజు గుంజి బల్ల మీద కొట్టాను. తాడు తెగింది. డిపాజిట్టు పోతే పోనీ అనుకున్నాను.

"కాదండీ! అదంతా అబద్ధం. ఇక్కడ సాహిత్యం లేదు. చదువు లేదు. నేపథ్యం పేరు చెప్పి లైబ్రరీని కాఫీ కొట్టు చేశారు. ఈ పిల్లలు మోసపోయారు. అందులో నా చెయ్యి కూడా ఉంది."

నరహరి గారి ముఖం ఆయన వెనక టవలంత తెల్లబడింది. నా ఉద్యోగం తలుపు దాకా నడుచుకుంటూ పోవడం నాకు కనిపించింది.

శేషాచలపతి గారు మెల్లగా లేచారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అద్భుతం" అన్నారు.

ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. బృందం కొట్టింది. నరహరి గారు అటూ ఇటూ చూసి, బతికిపోయానని అర్థమై, అందరికన్నా గట్టిగా కొట్టారు.

"ముప్పై ఏళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను. అధికారాన్ని ధిక్కరించే జ్ఞానోదయ స్ఫూర్తిని ఇంత సహజంగా అభినయించిన అధ్యాపకురాలిని చూడలేదు! గడ్డం తీసి మరీ! ఆ ఆగ్రహం! ఆ కంఠం వణుకు!"

"అభినయం కాదు సార్. నిజంగానే పుస్తకాలు లేవు. కావాలంటే మెట్ల కిందికి రండి, చూపిస్తాను."

"చూశారా, పాత్ర లోంచి బయటికి రావడమే లేదు!" అని ఆయన పక్కవారితో అన్నారు. మళ్ళీ చప్పట్లు. "రమ్మనడం కూడా ఎంత సహజం!"

ఎస్తేరు కూడా లేచి, "ఒట్టండి, యేసయ్య మీద ఒట్టు" అంది. ఆ అమ్మాయికి ప్రత్యేక ప్రశంసాపత్రం రాసిచ్చారు.

పదిహేను రోజులకి ఫలితం వచ్చింది. జిల్లాలో మొదటి స్థానం. కోర్సు నిలబడింది, నా కాంట్రాక్టు పొడిగించారు, నరహరి గారికి సన్మానం చేశారు. వెనకే ఇంకో ఉత్తర్వు వచ్చింది. దాన్ని నాకు చదివి వినిపిస్తున్నప్పుడు ప్రిన్సిపాల్ గారి గొంతు గర్వంతో బొంగురుపోయింది.

'సదరు కళాశాలలో ప్రదర్శింపబడిన భిన్నాభిప్రాయము ఆదర్శప్రాయమైనదిగా గుర్తింపబడినది. ఇకపై ప్రతి తనిఖీయందును శ్రీమతి హైమవతి గారు గడ్డము తీసి ఇవే మాటలు ఇదే ఆవేశముతో పలుకవలెను. ఆ మాటల యందలి సహజత్వము చెడకుండుటకై పుస్తకములను తాళములోనే కొనసాగించవలెను. పాఠములు చెప్పరాదు.'

"అర్థమైందా అమ్మా? మీరు పాఠం చెబితే, పాఠాల్లేవన్న మీ మాట అబద్ధమైపోతుంది. నిజాయితీ ముఖ్యం" అన్నారు నరహరి గారు. ఆ రోజు నుంచీ ఆయన ఉదయం రాగానే స్వయంగా మెట్ల దగ్గరికి వెళ్ళి, తాళం రెండుసార్లు లాగి, లక్క ముద్ర చూసుకుని, తృప్తిగా గదికి వెళుతున్నారు.

నేను వెళ్ళి ఎస్తేరుతో అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆ పిల్ల ఓదార్చలేదు. "తాళం ఏ వైపుందండి?" అంది. ఎడమవైపన్నాను. "తలుపు మడత బందులు?" అంది. కుడివైపన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి చూసేసరికి స్టోర్ రూము తలుపు బందుల వైపు నుంచి తెరుచుకుని ఉంది. స్క్రూలన్నీ విప్పి ఒక స్టీలు గ్లాసులో వేసిపెట్టారు. తాళం తాళంలాగే వేలాడుతోంది, లక్క చెక్కు చెదరలేదు. లోపల పదకొండు మందీ పుస్తకాల మూటల మీద కూర్చుని చదువుకుంటున్నారు. ఉదయం ప్రిన్సిపాల్ గారు వచ్చేలోపు తలుపు మళ్ళీ బిగించేస్తారట. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఉన్న ఆ కాస్త వెలుతురులో నిలబడి పాఠం మొదలుపెట్టాను. ఆ యుగపు వ్యంగ్యం గురించి, నాకు పదేళ్ళుగా నోటికి వచ్చిన పాఠం, కళ్ళు మూసుకుని చెప్పేయగలను.

"మేడమ్, మీరు చెప్పేది తప్పండి" అంది ఎస్తేరు.

"ఏమిటీ?"

"మీరు చెప్పేదీ, ఈ పుస్తకంలో రచయిత రాసిందీ ఒకటి కాదండి. రాత్రి రెండుసార్లు చదివాను. మీరు వేరే ఎవరో రాసిన గైడు చూసి చెబుతున్నట్టున్నారు."

నాకు చచ్చేంత కోపం వచ్చింది. పదేళ్ళ అనుభవం నాది. పిల్లలందరూ చూస్తున్నారు. 'కూర్చో' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో నా గైడు గుర్తొచ్చింది, దాని అట్ట నీలం రంగులో ఉండేది. దాన్ని నేను కాలేజీ రోజుల్లోనే కొన్నాను.

పక్కన ఖాళీగా ఉన్న మూట మీద కూలబడ్డాను.

"ఏ పేజీ?" అన్నాను. "చదువు. గట్టిగా చదువు."